గీత దాటని చేతిపట్టీ

స్వచ్ఛంద విరమణ తీసుకోవడానికి రెండేళ్ల ముందు, ఏప్రిల్ ఒకటో తేదీన, నన్ను ఎర్రగుంట్ల శాఖకు మానిటర్‌గా వేశారు. మతిమరుపు జబ్బు వచ్చిన పెద్దవాళ్లను ఇంట్లోనే ఉంచి చూసుకొనే కుటుంబాలకు మా సంస్థ సాయం చేసేది. ఫీల్డ్ వర్కర్ ఇళ్లకు వెళ్తుంది. ఆమె తెచ్చిన లెక్కలు మానిటర్ చూస్తుంది. మానిటర్ లెక్కలను కడపలో కూర్చొనే కోఆర్డినేటర్ చూస్తాడు. నేను ఇంటర్ తప్పినదాన్ని. శాతాలు, సగటులు, కంప్యూటర్‌లో పట్టికలు వేయడం సొంతంగా నేర్చుకున్నాను. అందుకే కాబోలు, అంకెల మీద నాకు చదువుకున్నవాళ్ల కంటే నమ్మకం ఎక్కువ.

పద్నాలుగు ఇళ్లకు చేతిపట్టీలు ఇచ్చాం. పట్టీ చూడడానికి గడియారంలా ఉంటుంది. వేసుకున్న మనిషి ఎక్కడున్నాడో మా తెర మీద పచ్చ చుక్కగా కనిపిస్తుంది, ఎన్ని అడుగులు వేశాడో లెక్క వస్తుంది. ఇంటి చుట్టూ నూరు మీటర్ల దూరంలో కంప్యూటర్‌లోనే ఒక గీత గీస్తాం. మనిషి ఆ గీత దాటితే ఇంటివాళ్ల ఫోనూ మా ఫోనూ మోగుతాయి. ఎవరు ఎన్నిసార్లు దాటారో నెలాఖరుకు కడపకు రాసి పంపాలి. ఎంత తక్కువైతే ఆ ఇల్లు అంత బాగా చూసుకుంటున్నట్టు.

మొదటి నెల నివేదికలో మొదటి స్థానం ఓబుల్ రెడ్డిగారి ఇంటిది. ఆయన ముప్పై ఏళ్లు నాపరాళ్ల గనిలో మేస్త్రీగా చేశారు. కొడుకు శంకర్ లారీలు తిప్పుతాడు. కోడలు లక్ష్మీదేవి ఆయన్ను కనిపెట్టుకొని ఉంటుంది. గీత దాటినవి సున్న. ఛార్జింగ్ ఏనాడూ తగ్గలేదు. రోజూ నాలుగు నుంచి అయిదున్నర దాకా ఒక్క అడుగు కూడా పడేది కాదు. దాని పక్కన ‘మధ్యాహ్న నిద్ర, క్రమం తప్పదు’ అని నేనే రాశాను. ఈ ఇంటిని చూసి మిగతావాళ్లు నేర్చుకోవాలని కోఆర్డినేటర్ ఉత్తరం పంపాడు.

మే రెండో వారంలో ఒకరోజు సాయంత్రం పావుతక్కువ ఆరుకు లక్ష్మీదేవి ఫోన్ చేసింది.

"మా మామ కనపడ్డం ల్యాడక్కా."

తెర చూశాను. పచ్చ చుక్క ఇంట్లోనే ఉంది. ఆయన ఎక్కడికీ పోలేదు, సరిగా వెతకమన్నాను.

"మిద్దె మీద గూడా చూసినానక్కా. అది కాదు, ఆ పట్టీ..."

పట్టీ బాగానే పనిచేస్తోందని ఆమెకు అడ్డుపడి చెప్పాను. మంచాల కింద, నీళ్ల గాబు వెనకాల చూడమన్నాను. చుక్క ఒక్క మీటరు కూడా కదలడం లేదు, పడిపోయి ఉంటారేమోనని భయపెట్టాను కూడా. ఇలా ఇరవై అయిదు నిమిషాలు గడిచాక ఆటోలో నేనే వెళ్లాను. శంకర్ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

"రాండి మేడం. మా నాయన ఇంట్లోనే ఉండాడంట గదా. యాడుండాడో మీరే చూపీండి."

ఫోన్ పట్టుకొని చుక్క చూపించిన వైపు నడిచాను. పడకగదిలో ఇనుప బీరువా ముందు ఆగవలసి వచ్చింది. లక్ష్మీదేవి కొంగుముడిలోంచి తాళంచెవి తీసి తలుపు తెరిచింది. పట్టుచీరల మీద, మేమిచ్చిన అట్టపెట్టెలోనే, పట్టీ ఉంది.

"మామ బయటికి పోయేటప్పుడు తీసి పెడ్తానక్కా. శానా ఇలువైందంటిరి. యాడన్నా పారేసుకొనొస్తే మీకేం జవాబు చెప్పల్ల?"

పట్టీ పోయినా పగిలినా బాధ్యత కుటుంబానిదేనన్న వాక్యాన్ని ఒప్పంద కాగితంలో చేర్చింది నేను. సంతకానికి ముందు ఆమె చేత మూడుసార్లు చదివించాను. ఆమె దాన్ని నాకంటే జాగ్రత్తగా పాటించింది.

సంగతి తర్వాత తేలింది. ఓబుల్ రెడ్డిగారు ఏడాదిగా రోజూ నాలుగింటికి రైల్వే గేటు దగ్గరి టీ అంగడికి పోతున్నారు. అంగడాయన టీ ఇచ్చి, కాసేపు కూర్చోబెట్టి, ఇంటిదారి పట్టిస్తాడు. ఆ రోజు అంగడాయన బంధువుల పెళ్లికి పోయి అంగడి మూసేశాడు.

శంకర్ తనకు తెలిసిన డ్రైవర్లందరికీ ఫోన్లు చేశాడు. పది నిమిషాల్లో సిమెంటు ఫ్యాక్టరీ ముందు లారీల వరుసలో ఉన్న ఒక డ్రైవరు తిరిగి ఫోన్ చేశాడు.

"టైర్లు చూస్తాంటే కనపడినాడన్నా. నా బండి కింద పండుకొనుండాడు. వరస గిన కదిలింటే..."

మేము వెళ్లేసరికి ఆయన్ను పక్కకు తెచ్చి నీళ్లు తాగిస్తున్నారు. కొడుకును ఆయన గుర్తుపట్టలేదు. నన్ను చూసి మాత్రం విసుక్కున్నారు.

"కూలోళ్లను పిల్సకరానికి ఇంతసేపామ్మా? రాయి ఎప్పుడెత్తల్ల?"

"ఎత్తుదాం దా నాయనా," అని శంకర్ చెయ్యి పట్టుకున్నాడు.

మర్నాడు ఒప్పంద కాగితంలోంచి ఆ వాక్యం కొట్టేశాను. టీ అంగడాయన ఫోన్ నంబరు తీసుకొని ఫైలులో మొదటి పేజీలో రాశాను. లక్ష్మీదేవి పట్టీని మామగారి చేతికే ఉంచడం మొదలుపెట్టింది. జూన్ నెలలో ఆ ఇల్లు ఇరవై ఏడుసార్లు గీత దాటి పద్నాలుగింటిలో చివరి స్థానానికి వచ్చింది. ఆదర్శంగా ఉన్న ఇల్లు ఇంత దిగజారడానికి కారణమేమిటో తెలపాలని నాకు మెమో వచ్చింది. ఏప్రిల్‌లో గీత దాటనిది పట్టీ, జూన్‌లో దాటుతున్నది మనిషి అని జవాబు రాశాను. సంజాయిషీ అంగీకరించడమైనది, వచ్చే నెల సంఖ్య తగ్గించవలెను అని తిరుగు టపాలో వచ్చింది.

నా కూడికలో తప్పు లేదు. దేన్ని లెక్కపెడుతున్నానో అడగకపోవడం తప్పు. ఆ తర్వాత పట్టికలో సున్న కనిపించిన ప్రతి ఇంటికీ నేనే వెళ్లి, పట్టీ ఎప్పుడెప్పుడు తీస్తారో, తీసి ఎక్కడ పెడతారో అడిగి వచ్చేదాన్ని. ఆ జవాబు రాయడానికి నివేదికలో గడి లేదు. ఉద్యోగం మానేదాకా అడుగుతూనే ఉన్నాను.