ముందే చెప్పిన సాక్ష్యం

సత్తుపల్లి దాటి అశ్వారావుపేట దారి పట్టగానే రోడ్డుకు రెండు పక్కలా పామాయిల్ తోటలు మొదలవుతాయి. ఈ చెట్టు మనది కాదు. ఎక్కడో ఆఫ్రికా అడవుల్లో పుట్టి, ఓడలెక్కి దేశాలు తిరిగి, చివరికి ఇక్కడి మామిడి తోటల్ని పక్కకు జరిపి కూర్చుంది. దూరం నుంచి చూస్తే చల్లగా కనిపిస్తుంది. దగ్గరికి వెళితే మట్ట మట్టకూ ముళ్ళు. ఆ ముళ్ళ సంగతి ఎందుకంటే, ఉప్పలమ్మ కష్టం అలాంటి ఒక ముల్లుతోనే మొదలైంది.

ఆమె భర్త ముత్యాలు గెలలు కోసే కూలీ. పొడవాటి గెడకు కొడవలి కట్టుకుని, తల వెనక్కి వాల్చి, రోజంతా ఆకాశం చూస్తూ చేసే పని అది. ఆమెది నేల చూస్తూ చేసే పని, గెల కిందపడినప్పుడు చెదిరిన పండ్లు ఏరడం. ఇద్దరూ ఇల్లందు వైపు వాళ్ళు. ముత్యాలు తండ్రి బొగ్గుబావిలో పనిచేశాడు. కొడుక్కి అక్కడ పని దొరక్క ఈ తోటలకు వచ్చి, ఇక్కడి రేకుల మందిరంలోనే భార్యతో పాటు బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ రోజు పాస్టర్ జయప్రకాశ్ అతనికి యాకోబు అని పేరు పెట్టాడు. ఆధార్ కార్డు ఒప్పుకోలేదు, తోట అసలే ఒప్పుకోలేదు. ముత్యాలు ముత్యాలుగానే మిగిలిపోయాడు.

మాట తక్కువ మనిషి. మందిరంలో వెనక గోడకు ఆనుకుని కూర్చునేవాడు. పాట కూడా అందరికంటే ఒక మాట వెనకగా పాడేవాడు.

ముల్లు దిగింది ఉప్పలమ్మ ఎడమ అరికాల్లో. ఆమెకు షుగర్ ఉంది. ఉందని తెలుసు, మాత్రలు మాత్రం గుర్తొచ్చినప్పుడు వేసుకునేది. ముల్లు దిగిన చోట పుండు పడి, ఎన్నాళ్ళకూ మానలేదు. జయప్రకాశ్ ఇంటికి వచ్చి ప్రార్థన చేసి, లేచేటప్పుడు చెప్పాడు.

"అక్కా, ప్రార్థన మానొద్దు, మందులూ మానొద్దు. ముత్యాలన్నా, ఖమ్మం దవాఖానాల ఒకసారి చూపియ్యి."

"అట్లనే అయ్యగారూ."

చూపించలేదు. శుక్రవారం ఉపవాస ప్రార్థనల్లో ఆమె పేరు ఎత్తి అందరూ ప్రార్థించారు. ఎండలు ముదిరి తోటలో పని తగ్గింది, కాలికి విశ్రాంతి దొరికింది, పుండు మీద పొర కట్టింది.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం అని ఒకటుంటుంది. దేవుడు ఎవరికి ఏ మేలు చేశాడో లేచి నలుగురి ముందూ చెప్పుకుంటారు. ఆ ఆదివారం ముత్యాలు లేచాడు. అతను లేవడమే వింతగా ఉండి అందరూ వెనక్కి తిరిగారు.

"నా భార్య కాలు డాక్టర్లతోని గూడ కాదన్నరు. నేను చింత పడలే. చింతంత ఆయన మీద ఏసిన. ఆయన బాగు చేసిండు."

డాక్టర్లతో కాదని ఎవరూ అనలేదు. అసలు డాక్టరు దగ్గరికే వెళ్ళలేదు. ఆ మాట నోట్లోకి ఎట్లా వచ్చిందో తనకే తెలియదని ఇప్పుడు నాతో అంటాడు ముత్యాలు. చప్పట్లు మోగాయి. జయప్రకాశ్ వయసులో చిన్నవాడు, మంచివాడు. దవాఖానాకు వెళ్ళే వచ్చారనుకున్నాడు. సంతోషం పట్టలేక తర్వాతి వారం దుమ్ముగూడెం దగ్గర సభకు ఇద్దరినీ జీపులో తీసుకెళ్ళాడు. ఆ తర్వాత ఇంకో ఊరు, ఇంకో సభ. ముత్యాలు చేతికి మైకు వచ్చింది. ఊరు మారినప్పుడల్లా పుండు కాస్త పెద్దదైంది, మానడం కాస్త తొందరగా జరిగింది.

అన్ని రకాల దేవుళ్ళ ముందూ కూర్చుని, అన్ని రకాల భజనలూ విన్న మీదట నాకు తోచేదేమంటే, మనిషి దేవుణ్ణి పొగిడేటప్పుడు పక్కనే ఒక చిన్న పీట వేసుకుని తానూ కూర్చుంటాడు. ముత్యాలు కొత్తగా చేసిందేమీ లేదు. వెనక గోడ దగ్గరివాడికి ఆ పీట కాస్త ఎక్కువ నచ్చింది, అంతే.

తోటలో మేస్త్రీ సీతయ్య ఊరుకునే రకం కాదు.

"ఏం సాక్ష్యం బావా, ఇయ్యాల యాడ మీటింగు? గెడ ఎందుకు మొయ్యడం? చెట్టుకు చెప్పు, గెల అదే దిగొస్తది."

ముత్యాలు నవ్వేవాడు. ఆ వెక్కిరింత కూడా అతనికి తియ్యగానే ఉండేది.

వానలు పడ్డాయి, పని ఊపందుకుంది. పొర కింద పుండు మళ్ళీ నోరు తెరిచింది. ఉప్పలమ్మ కాలు చూపించింది.

"మళ్ళ కారుతాంది. అయ్యగారికి చెప్దామా?"

"గిప్పుడు చెప్తే ఏమంటరు? దేవుని పేరు పోతది."

"పోనీ దవాఖానాకన్న పోదాం."

"ఆడ మనోళ్ళు ఎవరో ఒకరు కనపడ్తరు. ఊరంత తెలుస్తది. జర ఓపిక పట్టు. ఒకసారి బాగు చేసినోడు మళ్ళ చెయ్యడా?"

ఆమె సాక్సు కొనుక్కుంది. మందిరం గుమ్మం ముందు అందరూ చెప్పులు విడిచి వట్టికాళ్ళతో వెళ్ళేచోట ఆమె సాక్సులతో వెళుతుంటే పిల్లలు "కలెక్టరమ్మ వచ్చింది" అని నవ్వేవారు. కొన్నాళ్ళకు లోపలికి వెళ్ళడమూ మానేసింది. పుండు వాసన వస్తుందని గుమ్మం బయట అరుగు మీద, చెప్పుల పక్కన కూర్చునేది. లోపల ముత్యాలు ముందు వరసలో ఉండేవాడు.

జయప్రకాశ్ ఒకసారి అడిగాడు. "అక్క బయట కూసుంటున్నదేందన్నా? కాలు మంచిగనే ఉందా?"

"అవ్, మంచిగుంది అయ్యగారూ. లోపల ఉక్కపోస్తదట."

బతుకులో ఎన్నో మలుపులుంటాయి కానీ ముత్యాలు ఎప్పుడూ తిరిగి వెళ్ళి నిలబడేది ఆ జవాబు దగ్గరే. "అడిగిండు సార్. నిజం నోటిదాక వచ్చింది. మింగిన" అంటాడు.

ఒక మధ్యాహ్నం ఉప్పలమ్మ రాలిన పండ్ల మధ్యే పడిపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. సీతయ్య సాక్సు లాగి చూసి ముఖం తిప్పుకున్నాడు. పరాచికం ఒక్కటీ ఆడలేదు. ట్రాక్టరు ట్రక్కులోని గెలలన్నీ కిందికి తోయించి, గోనెలు పరిచి, ఆమెను పడుకోబెట్టి తానే అశ్వారావుపేట చేర్చాడు. అక్కడి నుంచి అంబులెన్సులో ఖమ్మం తీసుకెళ్ళారు. డాక్టరు ముత్యాలును అడిగింది ఒక్కటే. "ఇన్నాళ్ళు ఏం చేసిండ్రు?"

కాలు మోకాలి కింది నుంచి తీసేశారు.

తెలివి వచ్చాక దుప్పటి కింద ఖాళీని చూసుకుని ఉప్పలమ్మ ఏడవలేదు. ముత్యాలే ఏడుస్తున్నాడు, దేవుడు పరీక్ష పెట్టిండని ఏదో అంటున్నాడు.

"దేవుణ్ణి నడుమ తేకు" అంది ఆమె. "చింత ఆయన మీద ఏసినన్నవ్. చింత ఏసినవ్, పరువు మాత్రం నీ దగ్గర్నే పెట్టుకున్నవ్. గది గూడ ఏసుంటే నా కాలుంటుండె."

 

ఇంటికి వచ్చాక అతను మందిరం వైపు వెళ్ళలేదు. జయప్రకాశ్ వస్తే పెరట్లోంచి జారుకునేవాడు. చివరికి ఉప్పలమ్మే పట్టుబట్టింది. "నన్ను తీస్కపో. బయట కూసోను, లోపల కూసుంట. నువ్వు చెప్పిన కాడ్నే మళ్ళ చెప్పాలె."

ఆమెను ఎత్తుకుని గుమ్మం దాటించాడు. సాక్ష్యాల సమయం వచ్చింది.

"ముందు నేను చెప్పింది తొందరపడి చెప్పింది. పుండు మళ్ళ లేచింది. దాచిన. దేవుని పేరు పోతదన్న గని, పోయేది నా పేరే. దవాఖానాకు పోవద్దని ఆయన ఎన్నడన్లే. అయ్యగారూ అన్లే. నేనే పోనియ్యలే."

చప్పట్లు లేవు. ఎవరూ స్తోత్రం అనలేదు. "మైకు నీ చేతికిచ్చింది నేను గదన్నా" అన్నాడు జయప్రకాశ్, తల వంచుకుని. "ఇచ్చే ముందు కాలు ఒకసారి చూడాల్సింది."

ఆరాధన ముగిశాక బొజ్జయ్య అనే ముసలాయన ముత్యాలును చెప్పుల దగ్గర ఆపి, పంచె పైకెత్తి, నల్లబడ్డ బొటనవేలు చూపించాడు. "ఇంట్ల ఎవలకూ చెప్పలే. ఇదేమన్న ఖరాబయిందంటవా?" మర్నాడు ముత్యాలే అతన్ని ఖమ్మం బస్సెక్కించి వెంట వెళ్ళాడు. ఆ వేలు దక్కింది. దాని గురించి ముత్యాలు ఏ ఆదివారమూ చెప్పలేదు.

చెప్పుల షాపులో ఒంటికాలి చెప్పు అమ్మరు. వాళ్ళ ఇంట్లో మంచం కింద, వాడని ఎడమకాలి చెప్పులు వరసగా ఉంటాయి, కొన్న రోజు అంటించిన చీటీలతో సహా. పారేయొచ్చు కదా అని నేనంటే ఉప్పలమ్మే అందుకుంది.

"పారెయ్యడు సార్. పొద్దున లేస్తే కూలి, వాన, నా షుగరు, అన్నీ దేవునికే ఇస్తడు. గవి మాత్రం మంచం కింద పెట్టుకుంటడు."

"ఇచ్చెయ్యాలనే ఉంటది" అన్నాడు ముత్యాలు. "చేతులకెళ్ళి పోదు."

"నేను కాలే ఇచ్చిన. నువ్వు చెప్పులియ్యలేవా?"

వానాకాలంలో మళ్ళీ వెళ్ళేసరికి మంచం కింద ఇంకొకటి చేరింది. ముత్యాలు తోటకు బయల్దేరుతున్నాడు. ఆమె కుడికాలు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళ సందులు, మడమ, అరికాలు మెల్లగా తడిమి చూస్తున్నాడు. రోజూ చూస్తాడట. చూశాకే ప్రార్థన. ఆ వరస తప్పడు.

"మంచిగనే ఉంది, ఇగ పో" అంది ఉప్పలమ్మ. "గెల నీ కోసం దిగిరాదు."

అతను గెడ అందుకుని, మంచం కిందికి చూడకుండా లేచాడు.