గాలి పైన, తలుపు కింద

మా మేనత్త బుధవారం పోయింది. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు పాత పుస్తకాలు అమ్మిన మనిషి. వాటిని మోసుకొచ్చే పాత పికప్ బండిని తానే నడిపిన మనిషి. పరామర్శకు వచ్చినవాళ్లు "ఆడమనిషైనా బండి నడిపింది" అంటున్నారు. ఆ 'అయినా' ఎందుకండీ? బండికి డీజిల్ కావాలి, బ్రేకు కావాలి. మీ 'అయినా' దానికి ఏనాడూ అవసరం పడలేదు.

ఒక శనివారం గురించి చెబుతాను. ముందు చక్రాలను పట్టి ఆపే రెండు కాలిపర్లనూ నాంపల్లి మెకానిక్ విప్పి, బాగుచేసి బిగించాడు. అప్పటినుంచీ బ్రేకు పెడల్ మెత్తగా నేలకు పోతోంది. తెల్లారితే ఆదివారం. ఫుట్‌పాత్ మీద మా జాగా ఒక్కరోజు ఖాళీగా కనబడితే చాలు, తన గిరాకీల బండ్లు పెట్టించుకుందామని వెనకనున్న దుకాణదారు కాచుకుని ఉన్నాడు. ఒకసారి పోతే మళ్లీ మాకు దక్కదు.

బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీయడం ఇద్దరి పని. ఒకరు పెడల్ తొక్కి పట్టాలి. ఇంకొకరు కాలిపర్ మీది నిప్పల్ అనే చిన్న మర వదులు చేసి, బుడగలు సీసాలోకి పోనిచ్చి, బిగించాలి. బిగించేలోపు కాలు లేపితే గాలి మళ్లీ లోపలికే. సీట్లో నేను, చక్రం దగ్గర అత్త.

"కొట్టు, కొట్టు... పట్టు!"

"పట్టిన!"

నాకు ఊరుకోబుద్ధి కాదు కదా, తొక్కుతూనే ఆ దుకాణదారు మీద ఉపన్యాసం అందుకున్నాను.

"కోడలా, నీ నోరు లేస్తే కాలు గూడ లేస్తది. జర మూస్కో!"

డబ్బా బ్రేకు నూనె అయిపోయింది. బుడగ రాలేదు. మెకానిక్ తీర్పు చెప్పాడు: "ఆడోళ్ల కాలమ్మా, పట్టుండది. లేకుంటే నూనె నెట్టే మాస్టర్ సిలిండర్ పోయింది. అమ్మెయ్ గీ బండిని."

నేను గొడవకు దిగబోతే అత్త చెయ్యి అడ్డుపెట్టింది. "తమ్మీ, నువ్వే ఎక్కి తొక్కు." తొక్కాడు. పెడల్ నేలకు పోయింది.

"ఏందిరో, మొగోని కాలుకు గూడ పట్టు లేదా?"

షెడ్డంతా నవ్వింది. అత్త వదల్లేదు. "గబగబ కొడితే లేస్తది. లేచినంక పట్టి ఉంచితే జారుతలేదు. సిలిండర్ పోతే జారేది. లోపల గాలే ఉన్నది."

చక్రం ముందు మళ్లీ గొంతుక్కూర్చుని పరికించి చూసింది. "నిప్పల్ కిందికి ఉన్నదేంది? కుడిది ఎడమకు, ఎడమది కుడికి ఏసినవ్ తమ్మీ! గాలి పైకి పోతది. పైన కూసున్నోన్ని కింద తలుపు తీసి ఎట్ల ఎల్లగొడ్తవ్?"

మెకానిక్ నాలుక కరుచుకుని, రెండింటినీ మార్చి బిగించాడు. కొత్త డబ్బా తెరిచాం. పట్టు! పట్టిన! సీసాలో బుడగలే బుడగలు. చూస్తుండగానే పెడల్ నా కాలికింద రాయిలా నిలబడింది. అత్త నూనె చేతులతోనే హారన్ మోగించింది, నాంపల్లి వీధంతా తిరిగి చూసేలా.

మర్నాడు దుకాణదారు వచ్చేసరికి పుస్తకాలు పరిచేసి ఉన్నాయి.

"బండి కరాబయిందన్నరు?"

"ఔ. పైనున్న గాలి తీసేసినం."

ఆ మాటను నేను ఎన్ని సభల్లో ఉపన్యాసాలకు వాడుకున్నానో! చప్పట్లు నాకు పడ్డాయి. పడాల్సింది ఆమెకు.

ఈ ఆదివారం బండి తీయబోతే "మైలలోనా?" అన్నారు బంధువులు. జాగాకు మైల లేదు, ఖాళీగా కనబడితే పోతుంది. తీశాను. ఫుట్‌పాత్ అంచున దుకాణదారు నిలబడి ఉన్నాడు. నేరుగా అతని ముందుకే వెళ్లి బ్రేకు తొక్కాను.

"పట్టిన" అంది నా నోరు, దానంతటదే.

వెనక పుస్తకాల కట్టలు ఒక్కసారి ముందుకు ఊగి, కుదురుకున్నాయి.