నీళ్ల మీద తేలిన నెయ్యి

మీ ఇంట్లో ఒక బిడ్డ అందరికంటే బాగా తింటూ, అందరి కళ్ల ముందే ఎముకల గూడైపోతుంటే మీరు ఎవరిని నిందిస్తారు? నా చిన్నప్పుడు మా ఇంట్లో ముందు ఒక పక్షిని నిందించారు. తరువాత మా అమ్మను నిందించారు.

మాది తెలకపల్లికి ఆనుకుని ఉన్న మెట్ట ఊరు. నైజాం పాలన కాలం. నేను బడికి పోతున్నాను, మా చెల్లెకు అప్పుడప్పుడే నడక కుదిరింది. ఒక ఎండాకాలం ఆమెకు విరేచనాలు పట్టుకుని నెలలు గడిచినా విడవలేదు. పొట్ట ఉబ్బింది, కాళ్లూ చేతులూ పుల్లలయ్యాయి, నాలుక ఎర్రగా పుండైంది. పొద్దుగూకే వేళ పసిపిల్ల మీదుగా పక్షి ఎగిరితే, దాని నీడ ఒంట్లోని సత్తువను ఎత్తుకుపోతుందని మా వైపు నమ్మేవారు. దానికి పక్షి దోషమని పేరు. మా నాయనమ్మ అదేనని తేల్చేసింది.

“పొద్దుగూకినంక పిల్లను వాకిట్ల ఎందుకు పండబెట్టినవే? కండ్లు నెత్తికెక్కినయా?” అని అమ్మను రోజూ దులిపేది. మంత్రగాడు వచ్చి చెల్లె పొట్ట మీద కాల్చిన సూదితో వాతలు పెట్టి, మెడలో తాయెత్తు కట్టిపోయాడు. పోయిన సత్తువ తిరిగి రావాలని నాయనమ్మ ముద్దముద్దకూ నెయ్యి పోసింది, గిన్నెలకొద్దీ పాలు తాగించింది. కలిగిన ఇల్లు మాది, నేతికి కరువు లేదు. ఎంత పోస్తే పిల్ల అంత చిక్కింది.

చివరకు మా నాయన గూడుబండి కట్టించి అందరినీ నాగర్‌కర్నూలు దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడి డాక్టర్ సాబు తాయెత్తును చూసి నవ్వలేదు. పిల్ల నాలుక చూశాడు, పొట్ట తట్టాడు. మలాన్ని గాజుపలక మీద పులిమి, సూక్ష్మదర్శినిలో పురుగుల గుడ్ల కోసం వెతికాడు. లేవు. మిగిలినదాన్ని మూకుడులో వేసి నీళ్లు పోసి కలిపి నాయనమ్మ ముందు పెట్టాడు.

“జర వంగి చూడు పెద్దమ్మా. నీళ్ల మీద ఏమున్నది?”

“జిడ్డున్నది సాబ్.”

“నువ్వు పోసిన నెయ్యే గది. పక్షి ఎత్కపోయిందంటివి గద? పేగులకెళ్లి అట్లనే జారి బయటికొస్తుంది. పాపం, పక్షిని ఎందుకు బద్నాం చేస్తవు?”

గుమ్మంలో నిలబడ్డ మా బండివాడు నవ్వు ఆపుకోలేకపోయాడు. నాయనమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని చూసింది, అంతే.

తిన్నది ఒంటికి పట్టాలంటే పేగు గోడ దాన్ని పీల్చుకోవాలనీ, విడవని విరేచనాలతో ఆ గోడ పాడైందనీ, పాడైన గోడ నేతినీ పాలనూ అసలు తట్టుకోలేదనీ ఆయన మా నాయనకు ఓపికగా చెప్పాడు. ఆ రెండూ మాన్పించాడు. వెన్న తీసిన పల్చని మజ్జిగ, బాగా మాగిన అరటిపండు, మేక కార్జం ఉడికించిన నీళ్లు ఇమ్మన్నాడు. “పిల్ల మంచిగైనట్టు కనబడ్డా ఆపొద్దు. నేను చెప్పేదాంక ఆపొద్దు” అని బండి దాకా వచ్చి మళ్లీ చెప్పాడు.

అమ్మ అలాగే చేసింది. వానలు ముదిరేసరికి విరేచనాలు కట్టాయి, పొట్ట దిగింది. ఒకనాడు చెల్లె నా పలక లాక్కుని పరుగెత్తితే ఇల్లంతా నవ్వింది. ఆ సంతోషమే మా కొంప ముంచింది.

గెలిచింది మంత్రమేనని నాయనమ్మ అంది. పక్షి దిగిపోయినందుకు తాను మొక్కిన మొక్కు తీర్చాలంది. మొక్కు తీరేదాకా ఇంట్లో నీసు ముట్టకూడదు. కార్జం నీళ్లు ఆగిపోయాయి.

“డాక్టర్ సాబు ఆపొద్దన్నడు గదత్తా” అని అమ్మ మెల్లగా అంది.

“నీ డాక్టరు దేవునికన్న పెద్దోడా? మొక్కు దప్పి పిల్లకేమన్నయితే నువ్వు జిమ్మేదారా?”

మా నాయన మూకుడులో జిడ్డును తన కళ్లతో చూసినవాడు. తల్లికి ఎదురు చెప్పలేక కండువా దులుపుకుని చేనుకు వెళ్లిపోయాడు. మొక్కునాడు చెల్లెను పీట మీద కూర్చోబెట్టి, వచ్చిన చుట్టాలంతా నేతిలో ముంచిన పోలెలు, అంటే బొబ్బట్లు, తలా ఒక ముక్క తినిపించారు. ఆమె ఇష్టంగా తింది.

విరేచనాలు మళ్లీ మొదలైతే మొక్కులో లోపం జరిగిందన్నారు. ఇంకొకటి మొక్కారు. బండి కట్టేసరికి పిల్ల కళ్లు తెరవడం లేదు. డాక్టర్ సాబు నాడి చూసి, ఆ చిన్న చెయ్యిని మెల్లగా కింద పెట్టాడు. “మంచిగైన పిల్లను తీసుకొస్తరనుకున్న” అన్నాడు.

మా చెల్లెను చంపింది జబ్బు తగ్గినందుకు చేసిన పండుగ. పక్షి నీడను నమ్మిన ముసలామెను నేను క్షమించగలను. పుట్టినప్పటి నుంచి ఆమెకు నేర్పింది అదొక్కటే, ఒకనాటి మూకుడు దాన్ని చెరపలేదు. నిజాన్ని కళ్లారా చూసి, అర్థమయ్యేలా విని వచ్చి నోరు మూసుకున్న మా నాయన పెద్దరికాన్ని ఇన్నేళ్లయినా క్షమించలేకపోతున్నాను. తెలిసి ఊరుకున్నవాడి మర్యాద తెలియనివాడి మూఢత్వం కంటే క్రూరమైనదని నాకు తెలిసింది ఆ చావింట్లోనే.

తిన్నది పట్టక చిక్కిపోతున్న బిడ్డ మీ ఇంట్లో ఉంటే ఈ పూటే దవాఖానకు తీసుకుపోండి. బిడ్డ తేరుకున్నాక పథ్యం తప్పించడానికి ఏ చెయ్యి ముందుకొచ్చినా, అది మీ కన్నతల్లి చెయ్యే అయినా, గట్టిగా పట్టుకుని ఆపండి.