కాళ్ళతో వాయించిన పాట

ఆ ఏడు కెనడాలోని విన్నిపెగ్‌లో ఏ బస్సెక్కినా మన తెలుగు స్టూడెంట్లే. గది దొరకడం గగనమైపోయిన రోజులవి. నాకూ, నా వరంగల్ స్నేహితురాలికీ తన బేస్‌మెంటు అద్దెకిచ్చి ఆదుకుంది ఒక పెద్దావిడ. ఎప్పుడో స్వీడన్ నుంచి వచ్చి, దగ్గర్లోని చర్చిలో ఏళ్ళ తరబడి ఆర్గన్ వాయిస్తోంది. మేం ఓనరాంటీ అనేవాళ్ళం. చిన్నప్పుడు వీణ నేర్చుకున్నానని ఒకసారి నోరు జారాను. అంతే, ప్రాక్టీసులో స్వరాల పుస్తకం పేజీలు తిప్పడానికి నన్ను లాక్కుపోయింది.

"ఏందే, చర్చిల హీటర్ మంచిగుంటదనా పోతున్నవ్?" అని నా స్నేహితురాలు ఎగతాళి చేసేది. నిజం చెప్పాలంటే మొదట్లో అందుకే వెళ్ళాను.

మొదటిరోజే గుండె ఝల్లుమంది. ఆర్గన్ కింద వరసగా పొడుగాటి చెక్క పెడల్స్ ఉన్నాయి. ఆవిడ వాటిని బూటుకాళ్ళతో తొక్కుతూ స్వరాలు పలికిస్తోంది! వీణకు కాలు తగిలిందని అమ్మమ్మ చేత మొట్టికాయలు తిన్నదాన్ని నేను. వాయించడం అయిపోగానే, ఉండబట్టలేక వంగి పెడల్స్‌ని తాకి కళ్ళకద్దుకున్నాను.

"ఏం పడిపోయింది?" అంది ఆవిడ.

"ఏం లేదాంటీ. కాలు తగిలితే మేం సారీ చెప్పేది ఇలాగే."

"తగిలింది నా కాలు కదా!" అని పడీపడీ నవ్వింది. ఆ తర్వాత ప్రాక్టీసు ముగిసినప్పుడల్లా, "నీ సారీ చెప్పెయ్, టీ తాగుదాం" అనేది.

ఆవిడ సొంతంగా బాణీలు కూడా కట్టేదని చర్చిలో చాలామందికి తెలీదు. వయసులో ఉండగా ఆవిడ గురువు, "ఆడపిల్లవి, వాయిస్తే చాలు, కట్టడం ఎందుకు?" అన్నాడట. వింటేనే నాకు ఒళ్ళు మండిపోయింది. తన బాణీ ఒక్కటైనా ఆ చర్చిలో వినిపించాలని ఆవిడ ఆశ. తీరా ధైర్యం వచ్చేసరికి కీళ్ళవాతంతో వేళ్ళు బిగుసుకుపోయాయి. చలికాలం చివర్లో చర్చివాళ్ళు ఆవిడ స్థానంలో ఇంకొకరిని పెట్టుకున్నారు. ఆవిడకు మిగిలింది ఒక్క ఆదివారం. ఆరోజైనా తన బాణీ వాయించాలనుకుంది.

ప్రాక్టీసులో వేళ్ళు తడబడి బాణీ మధ్యలోనే ఆగిపోయింది. "వదిలెయ్. అందరికీ తెలిసిన పాటలేవో నెమ్మదిగా వాయిస్తాలే" అంటూ ఆర్గన్ మూత వేసేసింది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "కాళ్ళు బాగానే ఉన్నాయిగా ఆంటీ! కాళ్ళతోనే వాయించండి!"

అనేశాక నాలుక్కరుచుకున్నాను. సరస్వతిని తొక్కమని చెబుతున్నది నేనా! అమ్మమ్మ వింటే ఇంకేమైనా ఉందా! ఆవిడ మాత్రం పెన్సిల్ అడిగింది. వారమంతా కూర్చుని ఆ బాణీని పాదాలకు తగ్గట్టు మార్చుకుంది.

ఆదివారం ప్రార్థన అయ్యాక, చేతులతో తను కూర్చున్న బల్లను పట్టుకుని పాదాలతో మొదలుపెట్టింది. లోతైన స్వరాలకు మేం కూర్చున్న బెంచీలు సన్నగా అదిరాయి. వెళ్ళిపోదామని కోట్లు వేసుకుంటున్నవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. ఒకచోట స్వరం తప్పింది, వెంటనే సర్దుకుంది. షిఫ్టు మానుకుని వచ్చిన నా స్నేహితురాలు, "అమ్మో, కాళ్ళతోనే గింత మంచిగనా!" అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాకు ఏడుపు ఆగలేదు.

జనం వెళ్ళిపోయాక ఆవిడ దగ్గరికి వెళ్ళాను. "ఇవాళ బాగా తొక్కాను. సారీ నేనే చెప్పాలి" అంటూ వంగబోయింది. నడుం పట్టేసింది.

"నావల్ల కాదు. నా బదులు నువ్వు చెప్పు."

వంగి పెడల్స్‌ని తాకాను. ఆ వేళ్ళను నా కళ్ళకు కాదు, ఆవిడ కళ్ళకు అద్దాను. వేళ్ళు తడిశాయి.