ఎస్తేరు మేడానికి చదివి వినిపించని కాగితం

నిన్న పొద్దున్న గూడెం స్టేషన్లో ఏలూరు పాసింజర్ ఎక్కుతుంటే సెల్ మోగింది.

ఎస్తేరు మేడం ఇక లేరండి అన్నారు అటు నుంచి.

ఏ ఎస్తేరు మేడం అని అడిగాను. నాకు తెలిసింది ఒక్కరే. అయినా అడిగాను.

రైలు వెళ్ళిపోయింది. నేను ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయాను.

ఈ గ్రూపులో మన బ్యాచ్ వాళ్ళందరికీ ఆవిడ గుర్తుండే ఉంటారు. జూనియర్స్ కోసం చెప్తున్నా. మా కాలేజీలో ఇంగ్లిష్ చెప్పేవారు. పదిహేడేళ్ళ వెధవలం, మమ్మల్ని కూడా "ఏవండీ" అనే పిలిచేవారు. మొదట్లో వెనక బెంచీలో ఒకటే నవ్వుకునేవాళ్ళం.

ఆవిడ రాకముందు ఫస్ట్ ఇయర్ ఓరియంటేషన్ అంటే ఉపన్యాసాలేనట. మేడం పోరి పోరి దాన్ని మూడు వారాలు చేయించారు. పొద్దున్న స్కిల్స్ ట్రైనింగ్. మధ్యాహ్నం వాలంటీరింగ్.

మొదటి రోజు రైల్వే రిజర్వేషన్ ఫారం ఇచ్చి నింపమన్నారు. ఇంటర్లో ఫస్ట్ క్లాస్ అని తెగ ఎగిరిపడేవాణ్ణి కదా, నేను ప్రయాణం తేదీ దగ్గర పుట్టిన తేదీ వేశాను. క్లాసులో తప్పు లేకుండా రాసినవాడు ఒక్కడూ లేడు.

వారం రోజులు అర్జీలు రాయడం నేర్పారు. తర్వాత మండలాఫీసు వరండాలో బల్ల వేసి కూర్చోబెట్టారు. చదువు రానివాళ్ళు వస్తే వాళ్ళ ఫారాలు మేం రాసిపెట్టాలి.

నా బల్ల దగ్గరికి కొల్లేరు లంక ఊరి నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. నాగరత్నం గారు. వృద్ధాప్య పింఛను ఫారం.

పేరు అడిగాను. ఊరు అడిగాను. వయసు మాత్రం అడగలేదు.

ఆడవాళ్ళని వయసు అడగడం ఏం బాగుంటుందండీ? మన వైపు మర్యాద కదా! అందుకని నేనే అంచనా వేసి, పోనీలే అని నాలుగేళ్ళు తగ్గించి మరీ అరవై రాశాను. ఆవిడ వేలిముద్ర వేసి, నన్ను చల్లగా ఉండమని దీవించి వెళ్ళింది.

పింఛనుకి అరవై ఐదు నిండాలి. ఫారం తిరిగొచ్చేసింది.

మేడం ఆ ఫారం తన సంచీలో పెట్టుకున్నారు. తిట్టినా బాగుండేది. ఆదివారం చర్చి అవ్వగానే నన్ను బస్సెక్కించి, పడవెక్కించి నాగరత్నం గారింటికి తీసుకెళ్ళారు. ఆవిడ చేపల పులుసుతో అన్నం పెట్టింది. తిన్నాక మేడం ఆ ఫారం నా చేతికిచ్చారు.

"ఇప్పుడు చదివి వినిపించండి."

అరవై అని చదివాను. ఆవిడ పడీపడీ నవ్వింది. "అరవయ్యేంటయ్యా, నా పెద్దకొడుక్కే యాభై దాటాయి. అప్పుడే చదివుంటే చెప్పేదాన్ని కదా బాబూ!"

చచ్చేంత సిగ్గేసింది.

ఆ రోజు నుంచి ఓరియంటేషన్లో ఒకటే రూలు. రాసింది ముందు చదివి వినిపించాలి. వేలిముద్ర ఆ తర్వాతే.

మళ్ళీ పెట్టాం. మంజూరు కాగితం వచ్చేసరికి నాగరత్నం గారు పోయారు. మేడం ఆ కాగితం పట్టుకుని మళ్ళీ ఆ ఊరు వెళ్ళి, వాళ్ళింట్లో కూర్చుని చదివి వినిపించి వచ్చారు. నన్నూ రమ్మన్నారు. నాకు ముఖం చెల్లక వెళ్ళలేదు.

తర్వాత నేను అదే కాలేజీలో కాంట్రాక్ట్ లెక్చరర్‌గా చేరాను. మేడం రిటైరయ్యే రోజు నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగారు. "ఓరియంటేషన్ ఆగకుండా చూడండి రాంబాబు గారూ."

నాది పూచీ అన్నానండి. నా బొంద పూచీ!

ఈ ఏడాది కాలేజీలు తెరవకముందే సర్క్యులర్ వచ్చింది. పేరెంట్స్ గొడవ చేశారట, చదువుకోమని పంపితే ఆఫీసుల దగ్గర కాగితాలు రాయిస్తారా అని. స్టాఫ్ అందరూ సంతకం పెట్టాలన్నారు. నా కాంట్రాక్ట్ రెన్యువల్ అదే నెలలో ఉంది. సంతకం పెట్టేశాను.

అప్పటికే మేడం మంచం పట్టారు. నేను ఎప్పుడు చూడ్డానికి వెళ్ళినా అదే ప్రశ్న. ఓరియంటేషన్ ఎలా జరుగుతోందండీ?

బాగా జరుగుతోందండి మేడం.

పోయిన నెల, పిల్లలు రాసింది ఏదైనా ఒకటి చదివి వినిపించమన్నారు. మర్నాడు బీరువాలోంచి పాత బ్యాచ్ రాసిన అర్జీ నకలు ఒకటి తీసుకెళ్ళి, కొత్త పిల్లలదే అని చదివాను. కళ్ళు మూసుకుని మొత్తం విన్నారు.

"వయసు అడిగే రాశారా?"

"అడిగారండి."

"మంచిది" అన్నారు. నేను విన్న ఆఖరి మాట అదే.

నిన్న సాయంత్రం సమాధుల తోటలో అందరూ అంటున్నారు, ప్రశాంతంగా వెళ్ళిపోయారని. నా జేబులో ఆ సర్క్యులర్ ఉంది. ఒక పక్కన నిలబడి మేడానికి చదివి వినిపిద్దామనే తీసుకెళ్ళాను. మడత కూడా విప్పకుండా తిరిగొచ్చేశాను.

ఇప్పుడు నేను చేయగలిగింది కూడా ఏమీ లేదు. కొత్త పిల్లలకి ఐడీ కార్డులు ఇవ్వడం అయిపోయింది. మండలాఫీసు వరండాలో మన బల్ల లేదు. మళ్ళీ వేసేవాళ్ళు వస్తారని నాకైతే నమ్మకం లేదు. నేను వేస్తానని అసలే లేదు.

ఇక్కడ చదువుతున్నాను మేడం. వినండి.

"ఫస్ట్ ఇయర్ ఓరియంటేషన్ రెండు రోజులు. మొదటి రోజు స్వాగతోపన్యాసాలు, కాలేజీ నిబంధనలు. రెండో రోజు ఐడీ కార్డులు. స్కిల్స్ ట్రైనింగ్, వాలంటీరింగ్ ఈ విద్యా సంవత్సరం నుంచి రద్దు."

కింద స్టాఫ్ సంతకాలు. మూడోది నాదండి.

వెళ్ళి రండి మేడం. మీరున్న చోట మీకు నెమ్మది దొరకాలి.