రైల్‌మిల్ వాళ్ళ కోడలు

భిలాయి తెలుగువాళ్ళకి పేర్లతో పెద్దగా పని లేదు. ఎవరినైనా పోల్చుకోవాలంటే మొగుడో తండ్రో ఉక్కు ప్లాంటులో ఏ షాపులో, అంటే ఏ విభాగంలో చేశాడు, సొంతూరు ఏది అన్న రెండు ముక్కలు చాలు. కోకోవెన్ రాజాం వాళ్ళు, బ్లాస్ట్‌ఫర్నేస్ సాలూరు వాళ్ళు, అంతే. మనిషి రిటైరైనా, పోయినా ఆ గుర్తు మాత్రం పోదు. రాజాం మొహం చూడని మనవలు కూడా రాజాం వాళ్ళే. ఆ లెక్కన కోహ్కా బస్తీలో జాకెట్లు కుట్టుకునే రజనీకుమారి ‘రైల్‌మిల్ పార్వతీపురం వాళ్ళ కోడలు’. ఆమె అసలు పేరేమిటని అడిగితే, ఆమె దగ్గర ఏళ్ళ తరబడి జాకెట్లు కుట్టించుకున్న ఆడవాళ్ళే తడుముకుంటారు.

ఆమె మొగుడు ఉదయ్‌కుమార్ రైల్‌మిల్లులో క్రేన్ నడిపేవాడు. అమ్మవారి పండగలో ఘటాల ముందు కర్రసాము చేస్తుంటే జనం నోళ్ళు తెరుచుకుని చూసేవారు. ఇంటికొచ్చాక ఆ చెయ్యి ఊరుకునేది కాదు. తాగితే కొట్టేవాడు, తాగకపోతే తాగడానికి లేదని కొట్టేవాడు. అడ్డం వెళ్ళిన తల్లి గౌరీదేవిని కూడా ఒకటి రెండుసార్లు తోసేశాడు. చివరికి కాలేయం చెడి ఆస్పత్రిలో పోయాడు. జనం మాత్రం కర్రసాము గుర్తుపెట్టుకున్నారు. సంతాపసభలో అందరూ దాని గురించే మాట్లాడారు. జనానికేం, వాళ్ళ ఒంటి మీద పడిన దెబ్బలు కావుగా.

పిల్లల్లేరు. అత్తాకోడళ్ళిద్దరే మిగిలారు. గౌరీదేవి కాజాలు కుట్టేది, హుక్కులు వేసేది, కోడలికి ఒంట్లో బాగోకపోతే గంజి కాచి పెట్టేది. గోడ మీద కొడుకు ఫొటోకి రోజూ పువ్వు పెట్టేది. ఆ ఫొటో గురించి ఇద్దరూ ఎప్పుడూ ఏమీ మాట్లాడుకోలేదు.

అతను పోయిన ఏడాదికి రజనికి గుండెదడ మొదలైంది. మిషను ముందు కూర్చుంటే చేతులు వణికేవి. గుండెలో జబ్బేమీ లేదని తేల్చిన డాక్టరు ఆమెను సైకాలజిస్టు రమాకాంత్ దగ్గరికి పంపాడు. రమాకాంత్ ప్లాంటు ఆఫీసరుగారబ్బాయి, బాగా చదువుకున్నవాడు. అందరూ డాక్టరుబాబు అనే పిలుస్తారు. మెత్తటి గొంతు. “ఇక్కడ మీరు చెప్పింది ఈ గది దాటదు” అన్నాడు.

ఆ మాట నమ్మే ఆమె చెప్పింది. మొగుడు పోయిన రాత్రి తనకి ఒళ్ళు తెలియని నిద్ర పట్టిందనీ, పెళ్ళయ్యాక అంత హాయిగా ఎప్పుడూ పడుకోలేదనీ, లేచాక తనంటే తనకే భయమేసిందనీ చెప్పింది. చెప్పి ఏడ్చింది. మరి కొన్నిసార్లు వెళ్ళింది. దడ తగ్గింది. డాక్టరుబాబుకి దణ్ణం పెట్టుకుంది.

ఆ ఉగాదికి తెలుగు సంఘం హాల్లో రమాకాంత్ ఉపన్యాసం పెట్టారు. విషయం: మనసులో దాచుకున్న బాధ. రజని అత్తగారిని తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టింది. అతను బాగానే మొదలుపెట్టాడు. తర్వాత, “ఒక చిన్న ఉదాహరణ చెప్తాను, సరోజ అనుకుందాం” అన్నాడు. సరోజ భర్త రైల్‌మిల్లులో క్రేన్ ఆపరేటరట. పార్వతీపురం వైపు వాళ్ళట. పండగలో కర్రసాము చేసేవాడట. అతను చనిపోయిన రాత్రి సరోజ కంటినిండా నిద్రపోయిందట. “చూశారా, మనసెంత విచిత్రమైనదో” అని చిరునవ్వు నవ్వాడు. హాల్లో కొందరు నవ్వారు కూడా.

పేరు మార్చాడు మహానుభావుడు. పేరు తప్ప ఇంకేమీ మార్చలేదు. చదువుకున్న పుస్తకాల్లో పేరంటే మనిషి కాబోలు. ఈ ఊరి తెలుగువాళ్ళ ముందు షాపూ సొంతూరూ చెప్పడమంటే వేలు పెట్టి చూపించడమేనని, ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన మనిషికి తట్టలేదు. వెనక వరసల నుంచి ఒక్కొక్క తలా రజని వైపు తిరిగింది. ఆమెకి చెవులు వేడెక్కిపోయాయి. లేచి వెళ్ళిపోతే తనేనని ఒప్పుకున్నట్టవుతుందని, చప్పట్లు అయ్యేదాకా బిగబట్టుకుని కూర్చుంది. సాయంత్రానికి ఆ ఉపన్యాసం వీడియో సంఘం వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది.

ఇంటికొచ్చాక గౌరీదేవి కాళ్ళు కడుక్కోకుండానే అడిగింది. “ఓలె రజనీ, ఆ బాబు సెప్పింది నీ గురించేనా?”

“నా గురించి కాదత్తా. ఎవరి కథో తెచ్చి మన వివరాలు అంటించీసినాడు.”

ముసలామె కోడలి మొహంలోకి చూసింది. “నువ్వు కాదంటే కాదు. మరి నా కొడుకుని, నా కోడల్ని బజార్న పెట్టీడానికి ఆడెవుడు? ఆడ్ని ఒగ్గొద్దు” అంది.

వదిలే ఉద్దేశం రజనికి అసలే లేదు. జాకెట్లకొచ్చే ఆడవాళ్ళు కొలతలిస్తూ, “నిద్ర బాగా పడుతోందా వదినా” అని అడగడం మొదలుపెట్టారు. ఒకావిడ శుభకార్యానికి కుట్టమని ఇచ్చిన జాకెట్టు గుడ్డ వెనక్కి తీసుకుపోయింది. ఒక్కొక్క మాటా రజని లోపల నిప్పులా పడేది. మిషను తొక్కుతున్నంతసేపూ రమాకాంత్ ఎలా పతనమవ్వాలో ఊహించుకునేది. అతని క్లినిక్కుకి తాళం పడాలి. అతను నడుస్తుంటే తలలు తిరగాలి. ఆ మెత్తటి గొంతు తడబడాలి. ఈ ఊహలు ఆమెకి మందులా పనిచేసేవి, ఇందులో దాపరికమేమీ లేదు.

ముందు నేరుగా అతని దగ్గరికే వెళ్ళింది. అతను కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

“చూడండి రజనీ గారూ, నేను మీ పేరు ఎక్కడా చెప్పలేదు. ప్రపంచమంతటా డాక్టర్లు కేసుల గురించి మాట్లాడుకుంటారు, రాసుకుంటారు. అలాగే శాస్త్రం ముందుకు వెళ్తుంది. పేరు మారిస్తే సరిపోతుంది. మీరు గొడవ చేస్తేనే అది మీరని నలుగురికీ తెలుస్తుంది” అన్నాడు.

సలహాలా చెప్పాడు గానీ, అది బెదిరింపని ఆమెకి అర్థమైంది. క్షమించండన్న ఒక్క మాట అని ఉంటే ఏమయ్యేదో తెలీదు. అతను అనలేదు. ఆమె లేచి వచ్చేసింది.

దుర్గ్ కోర్టులో ప్రాక్టీసు చేసే మనోహర్ భిలాయిలో పుట్టిన తెలుగు కుర్రాడే. రజని వెళ్ళి చూపించిన వీడియో చూశాడు. “దీదీ, కేసు పక్కా. పేషెంటు ఒప్పుకోకుండా బయట చెప్పకూడదు. చెప్పినా, విన్నవాళ్ళు ఎవరో పోల్చుకోలేకుండా ఉండాలి. పేరొక్కటి బదల్ చేస్తే కాదు. ఈయన మీ అడ్రసొక్కటే ఇవ్వలేదు” అన్నాడు. రమాకాంత్‌కి రిజిస్ట్రేషన్ ఇచ్చిన సంస్థకి ఫిర్యాదు పంపించాడు.

జవాబొచ్చింది. సరోజ కల్పిత పాత్ర అని రాశాడు రమాకాంత్. అది తానేనని ఫిర్యాదుదారు అంటే, భర్త మరణానికి ఊరట పొందానని ఆమే సంస్థ విచారణ కమిటీ ముందు స్వయంగా చెప్పాలన్నాడు.

“యహీ దిక్కత్ దీదీ, ఇదే చిక్కు” అన్నాడు మనోహర్. “ఆ మాట మీదేనని మీరు ఒప్పుకుంటేనే ఆయన తప్పు చేసినట్టు. కాదంటే కేసు లేదు.”

ఇక్కడ పడింది ముడి. అత్తగారికి కాదని చెప్పింది. ఆ ‘కాదు’ మీదే ఆ ఇల్లు నిలబడి ఉంది. రమాకాంత్‌ని దెబ్బ కొట్టాలంటే ముందు ఆ ముసలి ప్రాణానికి తగలాలి. రజని కొన్నాళ్ళు ఎటూ తేల్చుకోలేకపోయింది. వదిలేద్దామని కూడా అనుకుంది.

వదిలేసేదేమో. సంఘం సెక్రటరీ శంకరరావు రాయబారానికి రాకపోయి ఉంటే.

“సూడమ్మా, ఇంతటితో పోనిద్దూ” అన్నాడాయన, టీ తాగుతూ. గౌరీదేవి పెరట్లో బట్టలారేస్తోంది. ఆయన గొంతు తగ్గించాడు. “మీ అత్త బతికుండగా నువ్వా మాట నోటితో సెప్పగలవా అని డాట్రుబాబు అడగమన్నారు. సెప్పలేవు కదా. మరేటి కేసు?”

రజనికి తల నుంచి పాదాల దాకా మండింది. అంటే అతను ఎప్పుడో లెక్కేసుకున్నాడు. గదిలో ఏడుస్తూ చెప్పిన ఇంటి సంగతులన్నీ, అత్త అంటే తనకెంత ప్రాణమో కూడా, ఇప్పుడు అతనికి డాలుగా పనికొస్తున్నాయి. మొదటిసారి బయటపెట్టింది పొరపాటైతే కావచ్చు. ఇది పొరపాటు కాదు.

“చెప్తాను బాబాయ్. వెళ్ళి అదే చెప్పండి” అంది.

విచారణ రాయపూర్‌లో. వెళ్ళేముందు అత్తగారితో చెప్పాలనుకుంది. చెప్పబోయిన ప్రతిసారీ ఏదో ఒక పని కల్పించుకుని పక్కకి పోయింది. ఆ రోజు పొద్దున్న చూస్తే గౌరీదేవి మంచి చీర కట్టుకుని గడప దగ్గర తయారుగా ఉంది. “నానూ వొత్తాను. నా కొడుకు మీద అబద్దాలు సెప్పినోడి మొకం సూడాల” అంది. రజని వద్దనలేకపోయింది. లోకల్ రైల్లో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు.

గదిలో కమిటీ వాళ్ళు బల్ల వెనక ఉన్నారు. కమిటీకి పెద్దగా ఉన్నావిడ హిందీలో అడిగింది: “ఆ ఉపన్యాసంలోని స్త్రీ మీరేనా?”

రమాకాంత్ ఆమె వైపు చూడలేదు. గోడ పక్క బెంచీ మీదున్న గౌరీదేవి వైపు చూశాడు. అంత ధీమా.

“నేనే” అంది రజని. “నా భర్త పోయిన రాత్రి నేను హాయిగా నిద్రపోయాను. అతను నన్ను కొట్టేవాడు, ఇక కొట్టడని తెలిసి నిద్రపోయాను. ఈ మాట భూమ్మీద ఒక్క మనిషికే చెప్పాను. ఆ మనిషి అదుగో, అక్కడ కూర్చున్నాడు.”

గౌరీదేవికి హిందీ మాట్లాడ్డం రాదు గానీ, ఇన్నేళ్ళ భిలాయి కాపురంలో అర్థం కానిదంటూ లేదు. రజని వెనక్కి తిరిగి చూడలేదు.

పెద్దావిడ రమాకాంత్ వైపు తిరిగింది. “ఈవిడ మీ పేషెంటేనా? ఈ మాట మీకు చెప్పారా?”

“చెప్పారు... కానీ మేడమ్, నేను పేరు...”

“పేరు సంగతి నేనడగలేదు. సభలో చెప్పడానికి ఈవిడ అనుమతి తీసుకున్నారా?”

అతను మళ్ళీ పేరు మాటే ఎత్తబోయాడు. కల్పిత పాత్ర అని సంతకం పెట్టిన జవాబు ఆవిడ చేతిలోనే ఉంది. దాన్ని చదివి వినిపించి, ఇది ఎందుకు రాశారని అడిగింది. ఆ మెత్తటి గొంతు తడబడింది. రజని ఆ తడబాటుని ఒక్క ముక్క పోనివ్వకుండా వింది. ఎన్నాళ్ళుగానో ఊహించుకున్నదానికన్నా బాగుంది. తుది ఉత్తర్వు వచ్చేదాకా ప్రాక్టీసు ఆపమన్నారు. రిజిస్ట్రేషన్ రద్దు విషయం కూడా పరిశీలిస్తామన్నారు.

వరండాలో అతను వెనకాలే వచ్చి చేతులు జోడించాడు. “రజనీ గారూ, మీరు ఫిర్యాదు వెనక్కి తీసుకోండి. నా పేరు పోతుంది.”

“పేరేగా సార్” అంది రజని. “మార్చుకోండి. సరిపోతుందన్నారుగా.”

ఆ మాట అన్నాక ఆమెకి ఒళ్ళు తేలికపడింది. పాపమనిపించలేదు. ఇప్పటికీ అనిపించదు.

తిరుగు రైల్లో గౌరీదేవి కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చుంది. నీళ్ళిస్తే తీసుకోలేదు. గెలిచిన సంతోషం రజనికి సగం దారిలోనే చప్పబడిపోయింది. రేపట్నుంచి ఆ ఇంట్లో తను ఒక్కతే ఉండాలేమో, అత్త ఉతై ఊళ్ళో ఉన్న తన చెల్లెలింటికి వెళ్ళిపోతానంటుందేమోనని భయం పట్టుకుంది. భిలాయి పవర్‌హౌస్ స్టేషన్లో దిగి ఆటో కోసం నిలబడ్డప్పుడు ముసలామె నోరు విప్పింది.

“ఆడికి సెప్పినావు. నాను అడిగితే నాకు సెప్పలేదు.”

“మీరు తట్టుకోలేరని అత్తా.”

“ఏటి తట్టుకోలేను?” అంది గౌరీదేవి. “ఆ రేతిరి నాకూ నిద్దరట్టీసింది. కన్నతల్లిని, నిద్దరట్టీసింది. ఇన్నాళ్ళూ ఎవులితో సెప్పుకోనే? నువ్వొక్క మాట సెప్పుంటే, నానూ సెప్పుకుందును.”

రజని దగ్గరికి జరిగింది. అత్త చెయ్యి పట్టుకుంది. ముసలామె విడిపించుకోలేదు. ఆటో వచ్చి ఆగింది.

“ఆడి ఉజ్జోగం పోతాదా?” అని అడిగింది గౌరీదేవి.

“పోవచ్చత్తా.”

“పోవాల” అంది ముసలామె, ఆటో ఎక్కుతూ.