తట్టి చూడని కప్పు

నేను మైనింగ్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్‌గా పదవీ విరమణ చేయడానికి ఏడాది ముందు, మా విశ్వవిద్యాలయం నన్ను ఒక కమిటీకి కన్వీనర్‌ను చేసింది. గోదావరిఖని దగ్గరున్న మా కాలేజీలో విద్యార్థులు ఏఐని ఎంతవరకు వాడవచ్చో నిబంధనలు రాయడం మా పని. సగం మంది సభ్యులు పూర్తిగా నిషేధించమన్నారు. మిగతా సగం చేతులెత్తేశారు. నాకు మాత్రం రిటైరయ్యే వేళ కొత్త యంత్రం చేతికి దొరికిందని లోలోపల పండగలా ఉంది.

ఇంతలో ప్రాజెక్టు వైవాలు వచ్చాయి. బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకుడి ముందు విద్యార్థి తన నివేదికను సమర్థించుకోవడమే వైవా. నస్పూర్ అమ్మాయి సంధ్య నివేదికను ఆయన రెండు పేజీలు చదివి పక్కన పడేశారు. ఇంత నున్నటి ఇంగ్లీషు విద్యార్థిది కాదు, రద్దు చేయాల్సిందేనన్నారు. రద్దయితే డిగ్రీ ఆగుతుంది. ఓ భూగర్భ గనిలో ఆమెకు వచ్చిన ట్రైనీ ఉద్యోగం చేజారుతుంది. ఆడపిల్లలను ఆ ఉద్యోగాల్లోకి తీసుకోవడం మొదలైందే ఈ మధ్య!

సంధ్య బెదరలేదు. "ఇంగ్లీషు ఏఐతోనే రాపిచ్చిన సార్, దాస్తలేను. పని మాత్రం నాది. ఏదన్న అడుగుండ్రి," అంది.

నాకు హుషారొచ్చింది. అయితే ఏఐనే పిలుద్దామన్నాను. బొగ్గు పేల్చాక ఆ చోట పని మళ్లీ ఎలా మొదలుపెట్టాలో వరసగా చెప్పమని అడిగి, జవాబును తెర మీద వేయించాను. చక్కటి జవాబు వచ్చింది. పరీక్షకుడు కూడా తలూపారు.

సంధ్య ఒక్కసారి చదివి, "గిట్ల చేస్తే మనిషి సచ్చిపోతడు సార్," అంది.

పొగ పోయాక, గ్యాస్ పరీక్షించాక, ఏఐ తన జవాబులో బొగ్గు ఎత్తే యంత్రాన్ని డ్రైవరుతో సహా లోపలికి పంపింది. కప్పు పరీక్షను ఆ తర్వాత పెట్టింది. గనిలో కప్పంటే నెత్తి మీది బండ. కప్పు కింద దన్నుగా ఆధారాలు నిలిపిన చోటే నిలబడి, ముందున్న కప్పును కడ్డీతో తట్టి వినాలి. ఖంగుమంటే గట్టిది, డొల్లగా మోగితే ఊడేది. ఊడేదాన్ని రాల్చి, తాత్కాలిక ఆధారం పెట్టాకే ఎవరైనా అడుగు వేయాలి.

"ట్రైనింగ్‌ల నేను గట్లనే ముందటికి పోతుంటే సర్దార్ కాక రెక్క పట్టి గుంజిండు. ఆయన తట్టంగనే, నేను నిలవడేకాడ్నే బండ రాలింది," అంది. సర్దార్ అంటే షిఫ్టులో ఆ చోటి భద్రత చూసే ఉద్యోగి.

పరీక్షకుడు నివేదిక మళ్లీ అందుకుని, పేల్చిన తర్వాతి పని గురించిన పేజీ వెతికారు. అక్కడ వరస సరిగ్గా ఉంది. ఏఐ తనకూ మొదట తప్పే రాసిచ్చిందని, తానే దిద్దానని సంధ్య చెప్పింది. అంతే, ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నారు. గనిలో గాలి మళ్లింపు, నీళ్లు తోడడం, కప్పును మోయడానికి తవ్వకుండా వదిలే బొగ్గు స్తంభాల కొలతలు, ఒకదాని తర్వాత ఒకటి అడుగుతూనే ఉన్నారు. భోజనం మాట ఎవరికీ గుర్తు లేదు. నా సర్వీసులో అంత సంతోషంగా విన్న వైవా ఇంకోటి లేదు. ఏఐని దేనికి వాడిందో మొదటి పేజీలో రాయాలన్న షరతుతో ఆయన ఆమెను పాస్ చేశారు.

మా కమిటీ నిబంధన కూడా అక్కడే తేలిపోయింది. ఏఐ వాడవచ్చు, ఎక్కడ వాడారో చెప్పాలి, ప్రతి వాక్యానికీ విద్యార్థే పరీక్షకుడి ఎదుట జవాబు చెప్పుకోవాలి. నిషేధం కోరినవాళ్లూ ఒప్పుకున్నారు.

నేను నేర్చుకున్నది ఇది. ఏఐ వాడావా అని అడిగితే అవుననో కాదనో జవాబు వస్తుంది. దాని తప్పు చూపించమంటే విద్యార్థికి పని వచ్చో రాదో తెలుస్తుంది. సంధ్య ఇప్పుడు భూగర్భంలో డ్యూటీ చేస్తోంది. ఆమె కప్పు తట్టించి, విని, సరేనన్నాకే షిఫ్టు మనుషులు ముందుకు వెళ్తున్నారు.